ఆకాశానికి రాగి గుండు

కార్వేటినగరం పక్కన రెండెకరాల శెనక్కాయ చేను, నాయన వదిలిపోయిన ఒక నాటు తుపాకి, మునిరత్నం ఆస్తి ఈ రెండే. తుపాకికి పంట కాపలా లైసెన్సు ఉంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్లో అప్పగించి రావాలి. అది ఇంట్లో కంటే స్టేషన్లోనే ఎక్కువ కాలం కాపురం చేసిందని ఊళ్లో చెప్పుకుంటారు.

ఈసారి చేను ఏపుగా వచ్చింది. ఆ సంగతి అందరికంటే ముందు దుప్పులకు తెలిసింది. రోజూ తెల్లవారేసరికి పన్నెండు దుప్పులు అడవి దిగి, పెళ్లిబంతిలో కూర్చున్నట్టు వరసగా నిలబడి మేసి పోతున్నాయి. అరెకరం అప్పుడే బోడి అయింది. ఇలాగే సాగితే పీకడానికి చెట్టు మిగలదు. దుప్పిని కొడితే జైలని మునిరత్నానికి తెలుసు. అందుకని గాల్లోకి కాల్చి బెదిరిద్దామనుకున్నాడు.

ఇంకొకరైతే ఆ రోజే కాల్చేవారు. ఈయన గుండు దగ్గర ఆగిపోయాడు. మామూలు గుండు సీసంది. సీసం విషం, పైకి పోయింది మళ్లీ చేలోనే పడుతుంది, ఆ కాయలు జనం తింటారు. బయటి దేశాల్లో జింకల వేటకు రాగి గుండ్లు వాడుతున్నారని ఫోన్లో చూశాడు. ఇక రాగే కావాలన్నాడు.

"వట్టి మందు దట్టించి కాల్చయ్యా. శబ్దమొస్తే సాలు కదా" అంది పెళ్లాం వరదమ్మ.

"గుండు లేకుండా కాలిస్తే వాటికి తెలిసిపోతాది మే. అవేమన్నా ఎర్రిగొడ్లా?"

పుత్తూరులో బిందెలకు మాట్లు వేసే గంగాధరం దగ్గరికి పోయాడు.

"గుండ్రంగా సేసేదా, మొన పెట్టేదా?" అన్నాడు గంగాధరం.

"మొన పెట్టప్పా. నేరుగా పోవల్ల."

"యాడికి?"

"పైకి."

"పైన ఎవురుండారప్పా, అంత గురి సూసి కాల్చేదానికి?"

మునిరత్నం ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే మళ్లీ బస్సెక్కి, గుండ్రంగానే చేయమన్నాడు. తర్వాత నునుపు చాలలేదని ఒకసారి, బరువు చాలలేదని ఇంకోసారి పోయాడు. ఈ లోపల దుప్పులు ఇంకో పావెకరం ముగించాయి.

చివరికి ఒక తెల్లవారుజామున గట్టు మీద నిలబడి మందు పోసి, రాగి గుండు గొట్టంలోకి దించి కడ్డీతో పొడిచాడు. సగం దాకా పోయి ఇరుక్కుంది. సీసమైతే కాస్త నలిగి దిగేది. రాగి నలగదు. పైకీ రాదు, కిందికీ పోదు. దుప్పులు నములుతూ ఈయన్నే చూస్తున్నాయి.

మునిరత్నానికి కడుపు మండిపోయింది. తుపాకి కింద పెట్టి పుత్తూరు దిక్కు తిరిగాడు.

"రేయ్ గంగాధరం, కొలత కంటితో సూసినావా, కాలితో సూసినావా? నాలుగు తూర్లు వస్తే నాలుగు తూర్లూ తలకాయ ఊపితివే. నీ కొలిమిలో కుక్క పండుకోను, నువ్వు మాటేసిన బిందెలన్నీ కారిపోను..."

ఆ గొంతుకు చెట్ల మీది కాకులు లేచాయి. దుప్పులు తోకలెత్తి అడవిలోకి దూకాయి.

వరదమ్మ చేతిలో కాఫీ గ్లాసుతో గట్టెక్కింది. "గంగాధరాన్ని ఇంకోతూరి తిట్టు. ఆ మూల రెండు ఉండాయి."

ఆ రెండూ పోయాయి. అప్పటి నుంచి కాయ పీకేదాకా రోజూ తెల్లవారుజామున మునిరత్నం గట్టెక్కి గంగాధరాన్ని నోరారా తిట్టాడు. మిగిలిన ఎకరంపావూ దక్కింది. మొదటి మూట పుత్తూరులో దించాడు.

"నాకెందుకప్పా ఇంత?" అన్నాడు గంగాధరం.

"తిను. నీ పేరు సెప్పుకోనే పండిచ్చినా."