మూతపడిన జీను

మొన్న మత్తిగిరిలో చిన్నకూతురి ఇంట్లో పేపరు చదువుతుంటే, పుట్టిన కొన్ని నెలలకు మూతపడే రక్తపు జీనును ఇప్పుడు మళ్ళీ పనిచేయించగలుగుతున్నారన్న వార్త కనబడింది. సంతోషించాల్సిన మాటే, కానీ నాకు ఒళ్ళు మండింది.

తొంభైలలో మేము తమిళ రాష్ట్రంలోని కెలమంగలంలో పట్టుపురుగులు పెంచుతూ ఉండేవాళ్ళం. నన్ను సొంత మేనమామకే ఇచ్చారు. ఆ కాలంలో మా ఇళ్ళలో అది మామూలే. పెద్దపాప ఆరునెలల వరకూ బొద్దుగా ఉండి, తర్వాత పాలిపోతూ వచ్చింది. రాగిసరి జావ తొందరపడి పెట్టానని, అత్తగారైన మా అవ్వ నన్నే తిట్టేది. చివరికి బెంగళూరు ఆసుపత్రిలో తలసీమియా అని తేల్చి, నెలనెలా రక్తం ఎక్కించాలన్నారు.

అక్కడి డాక్టరమ్మది చిత్తూరు వైపు. కడుపులో ఉన్నప్పుడు రక్తానికి పనిచేసే జీను వేరట, పుట్టాక పనిచేసేది వేరట. కణంలోని కొన్ని ప్రోటీన్లు జీన్ల మీద కూర్చుని ఒకదాన్ని తెరుస్తాయట, ఇంకొకదాన్ని మూస్తాయట. పాతది అందరికీ మూతపడేదే, మా పాపకు మాత్రం కొత్తది మా ఇద్దరి నుంచీ చెడిపోయి వచ్చింది. పాతది మంచిదే, లోపలే ఉంది, కానీ దాన్ని మూసే ప్రోటీను ఏదో ఇంకా సరిగ్గా తెలియదని ఓపికగా చెప్పింది. తప్పు రాగిసరిది కాదని తెలిసినా అవ్వ నోరు మాత్రం ఆగలేదు.

మేము తెలుగువాళ్ళమని డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ చీటీ మీద తెలుగులోనే రాసిచ్చింది. అప్పటికి నాకు అక్షరం రాదు. మా ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగైనా బడిలో చదివింది తమిళం. ఆ మాట ఆమెతో చెప్పడానికి నామోషీ పడి, చీటీ జేబులో పెట్టుకున్నాడు. బస్సులో నేను అడిగితే, "పాపకు బలమైన తిండి పెట్టల్లని రాసినారు" అన్నాడు. నమ్మాను. మునగాకు, బెల్లం, అంగడిలో అమ్మే ఇనుము టానిక్కు, ఏళ్ళ తరబడి నా చేత్తోనే పట్టించాను.

ఎక్కించే రక్తంలోని ఇనుమే ఒంట్లో పేరుకుపోయి గుండెను తినేస్తుందని, నేను పోసింది కూడా దానికి తోడైందని పాప తొమ్మిదో ఏట తెలిసింది. "తెలుగులోనే కదమ్మా రాసిచ్చినాను" అంది డాక్టరమ్మ. మా ఆయన నేల చూశాడు. తిరిగొచ్చేటప్పుడు పాప నా కొంగు లాగి, "లోపల మంచిది ఉండాదంటే, దాన్ని తెరిచేకి కాదా అమ్మా?" అని అడిగింది. 

పదకొండో ఏట పోయింది. ఆ తర్వాతే పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నాను. ఆ చీటీలో మొదటి మాటే ఇనుము మందు వద్దని.

ఇప్పుడు పెళ్ళికి ముందే రక్తం చూపించుకునే ఇళ్ళు మా వైపూ కొన్ని ఉన్నాయి. అర్థమైందా అని డాక్టరు అడిగితే, కాలేదని చెప్పడానికి ఈనాటి తల్లులు సిగ్గుపడరు. మేము తల ఊపి, బస్సుకు ఆలస్యమవుతుందని లేచి వచ్చేవాళ్ళం.