గోడలోని నాలుగు మొలలు

పెళ్లయిన రెండో ఏడు వానాకాలంలో ఒకరోజు నా పెట్టె మూత తీశాను. తీసి అక్కడే నేల మీద కూలబడ్డాను. పెళ్లిచీర ఉండవలసిన చోట ఎర్రమట్టి ఉంది. చెయ్యి పెట్టి లాగితే జరీ అంచు ఒక్కటే పైకి వచ్చింది, మిగతాదంతా పొడిపొడిగా రాలిపోయింది. నేల నుంచి పెట్టె అడుగు చెక్కలోకి పాకిన చెదలు మూడు చీరలనూ, రవికలనూ, మా అవ్వ కుట్టిచ్చిన బొంతనూ తినేశాయి. బయటి నుంచి చూస్తే పెట్టె నిన్న కొన్నట్టే ఉంది. నేను అరిచానో ఏడ్చానో గుర్తు లేదు గానీ, పక్కింటామె పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

వికారాబాద్‌లో మేము అద్దెకున్న ఇల్లు ఒకే గది, ముందు వసారా. గోడలు రాయీ మట్టీ కలిపి కట్టినవి, మూరెడు మందం. ఉండేది ముగ్గురం. గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, బస్తాలు మోసే మా ఆయన, నేను, మా మామ. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది.

మామకు రెండు కళ్లలోనూ శుక్లాలు. వెలుతురూ నీడా తెలిసేవి, అంతే. వెనకటికి రైలు పట్టాల మీద పని చేసేవాడు. భుజాన సుత్తె వేసుకుని రోజూ తన వంతు దారి నడవడం, పట్టాను కింది దిమ్మెలకు పట్టి ఉంచే ఇనుప మొలలను ఒక్కొక్కటే కొట్టి చూడటం, వదులైతే బిగించడం ఆయన పని. పని పోయినా అలవాటు పోలేదు. చిన్న సుత్తె ఒకటి ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. కుండను కొట్టి చూసి పగిలిందో లేదో చెప్పేవాడు. తలుపు కొట్టి లోపల పుచ్చిందనేవాడు. నా పెట్టెను కూడా కొట్టి చూసి, నెల ముందే "బిడ్డా, దీని సప్పుడు బాగలేదు" అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకుని నేను పట్టించుకోలేదు.

ఆయన మాటలు పట్టించుకోకపోవడం నాకు అలవాటైపోయింది. దానికి కారణం ఉంది. ఇంటికి ఎవరొచ్చినా, పాలామె వచ్చినా, అద్దె కోసం ఇంటాయన వచ్చినా, మామ ఒకే కథ చెప్పేవాడు.

"పోలీస్ యాక్షన్ అయిన మర్సటేడు. తాండూరు అవతల, నా వంతుల. తెల్లారి ఎయ్యాలని పట్టా పక్కన ఎనిమిది కొత్త మొలలు కుప్పవెట్టిన. ఒక్కోదాని మెడ మీద ఉలితోని రెండు గాట్లు గూడ పెట్టిన, నా వంతువని తెల్వనీకి. పొద్దుగాల పోయి చూస్తే లెవ్వు. నేనే అమ్ముకున్నన్నరు. నౌకరి తీసేసిన్రు. దొంగతనం జేసేటోడు గుర్తు వెడ్తడా? మీరే చెప్పున్రి."

వచ్చినవాళ్లు అయ్యో అనేవాళ్లు, బయటికి వెళ్లి నవ్వుకునేవాళ్లు. బజారులో ఎవరి చెంబు పోయినా, "ఆయన్ని అడుగున్రి, ఇనుపదాయితే ఆయనకెరుకే" అని పరాచికం. ఆ సిగ్గుకు మామ పదేళ్లకు పైగా స్టేషను వైపు అడుగు పెట్టలేదు. ఆసుపత్రికి వెళ్లాలన్నా చుట్టూ తిరిగి వెళ్లేవాడు.

నిజం చెప్పేస్తాను. నేనూ ఆయన్ని నమ్మలేదు. ఇనుము కరువు రోజులు, ఇంట్లో పిల్లలు, తీసే ఉంటాడనుకున్నాను. తీసినందుకు నాకు కోపం కూడా లేదు, పదేపదే వినవలసి వస్తున్నందుకే కోపం. ఒకనాడు విసుగొచ్చి అనేశాను: "పోనియ్ మామా, తీస్తే తీసినవ్. గా రోజులల్ల ఎవలు తియ్యలే?"

ఆయన సుత్తె ఒళ్లో పెట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ కథ నా ముందు ఎప్పుడూ చెప్పలేదు. పీడ విరగడైందనుకున్నాను. ఎంత నోటిదురుసు మనిషినో నేను!

చీరలు పోయిన వారం రోజులకు, మిగిలిన గుడ్డలు ఎక్కడ పెట్టాలో తెలియక నేను తల పట్టుకుంటే, మామే అన్నాడు: "గోడకు బల్ల వేద్దాం బిడ్డా. కాళ్లుండొద్దు. నేల తాకొద్దు. గోడకు గూడ ఏలెడు ఎడం ఉండాలె. ఇనుమొక్కటే గోడలకెళ్లి బయటికి రావాలె. చెద గా ఇనుము మీద పాకితే మన కండ్లకు కనవడ్తది, తుడిచేస్తం."

గోడలోంచి బయటికొచ్చే నాలుగు ఇనుప కడ్డీలు, ఆ కడ్డీలు దూరేలా వెనక అంచున తొలిచిన మందపాటి చెక్క. ముందు నుంచి చూస్తే బల్ల గాలిలో నిలబడ్డట్టు ఉంటుంది, ఆధారం ఎక్కడుందో కనబడదు. వడ్రంగం చేసే వడ్లాయన్ని అడిగితే ఆయన చెప్పిన కూలికి మా ఆయన నోరు తెరిచాడు. తాండూరు నాపరాతి బండను గోడలోకి దిగేయించుకోమని పక్కింటివాళ్లు అన్నారు గానీ, దానికి గోడ పొడుగునా పగలగొట్టాలి, ఇంటాయన ససేమిరా అన్నాడు. నాలుగు బొక్కలకైతే సరేనన్నాడు. ఇక మేమే చేసుకోవాలి.

చెక్క తేలికగానే దొరికింది. బండ్లు బాగుచేసే చోట పాత వేపతలుపు ఒకటి ఎండకూ వానకూ పడి ఉంది. అందులో మంచి పలక ఒకటి, మూడు వేళ్ల మందం, దాదాపు ఊరికే ఇచ్చారు. మామ దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టి చూసి, "పుచ్చులేదు, బతికున్నది" అన్నాడు. ఇనుమే దొరకలేదు. దుకాణంలో అడిగిన ధర మా వల్ల కాదు.

యాలాల్ దగ్గర మా పుట్టింట్లో బారసాల ఉండి ఆ వారమే వెళ్లాను. మా నాయిన గొర్లకాపరి. మాటల మధ్య బల్ల సంగతి చెప్పి, గట్టి ఇనుపముక్కలు కావాలన్నాను. నాయిన లేచి దొడ్డిలోకి వెళ్లాడు. గొర్రెపిల్లల్ని కట్టేసే మొలల్లో నాలుగింటిని రాయితో అటూ ఇటూ కొట్టి కదిలించి పీక్కొచ్చాడు.

"తీస్కపో బిడ్డా. పదేండ్లకెల్లి నేలల ఉన్నయి, ఒక్కటన్న వంగలే."

రెండు బెత్తెల పొడవు, బొటనవేలంత లావు, పైన వెడల్పు తల, తలకు రెండు చెవులు. తుప్పు పట్టి మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే, కాబట్టి ప్రత్యేకంగా చూసిందేమీ లేదు. జొన్నపిండి మూటలో దోపుకుని, తాండూరులో రైలెక్కి, ఆ పట్టాల మీద నుంచే ఇంటికి తెచ్చాను.

రాగానే పని మొదలుపెట్టాను. మామ చెప్తుంటే ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి మట్టం చూసుకుని, బొగ్గుతో గీత గీసుకున్నాను. రాయి మీద కాకుండా రాళ్ల మధ్య మట్టి ఉన్న చోట బొక్కలు తవ్వాలి. లోపల వెడల్పు, బయట ఇరుకు ఉండాలి. మొలను తలకిందులుగా, తల గోడలోకి పోయేలా పెడితే లాగినా ఊడి రాదు. చుట్టూ సున్నం, బెల్లంనీళ్లు, రాతిపొడి కలిపి కూరాలి. మామ టీకొట్టు దగ్గరికి వెళ్లినప్పుడు నేనే మూడు మొలలు దిగేశాను. నాలుగో బొక్కకు పెద్ద రాయి అడ్డం తగిలింది. దాన్ని వదిలేసి చెక్క తొలిచే పనిలో పడ్డాను. రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి.

సున్నం గట్టిపడ్డాక అయిదోనాడు పొద్దున మామను పిలిచి, గోడ దగ్గర నిలబెట్టి చూడమన్నాను. గోడలోంచి బెత్తెడు పొడుచుకొచ్చిన మొదటి మొలను చేత్తో పట్టుకుని, సుత్తెతో ఒక దెబ్బ వేశాడు.

వేసి ఆగిపోయాడు.

మళ్లీ కొట్టాడు. రెండోదాన్ని కొట్టాడు, మూడోదాన్ని కొట్టాడు. చెవి గోడకు ఆనించి మొదటిదాన్ని ఇంకోసారి కొట్టాడు. నేను సున్నం సరిగా పట్టలేదేమోనని కంగారు పడుతున్నాను.

"నాలుగోది ఏది?" అన్నాడు.

చేతికిచ్చాను. వేళ్లతో తల తడిమాడు, చెవులు తడిమాడు. గోటితో మెడ దగ్గరి తుప్పు గీకడం మొదలుపెట్టాడు. నేను వంగి చూశాను. మెడ మీద పక్కపక్కనే రెండు గాట్లు.

"యాడియి బిడ్డా గివ్వి?"

"మా నాయిన ఇచ్చిండు. గొర్రెపిల్లలు కట్టేటియి."

"ఎన్నున్నయి ఆడ?"

"ఎనిమిది" అన్నాను.

అనేశాక గానీ నా మాట నాకు వినబడలేదు. నేను ఒకట్లు నేర్చుకున్నదే ఆ మొలల మీద. ఆరేడేళ్ల పిల్లప్పుడు, అవి కొత్తగా మా దొడ్డిలోకి వచ్చినప్పుడు, ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి ఒకటి, రెండు, మూడు అంటూ ఎనిమిది దాకా మా నాయినే నేర్పాడు. ఆ గాట్ల మీద వేలు పెట్టి ఆడుకున్నాను. ఎనిమిది మొలలు, రెండేసి గాట్లు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ మామ నోటి నుంచి ఎన్నిసార్లు విన్నాను! ఒక్కసారి కూడా చెవి పెట్టి వినలేదు. నేను దొంగ అనుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. దొంగ మా నాయిన.

మామ తిట్టలేదు. మొలను మెల్లగా నేల మీద పెట్టి, వసారాలోకి వెళ్లి కూర్చున్నాడు. సాయంత్రం సంగతి విన్న మా ఆయన నా మొహం చూడలేదు, అన్నం ముట్టలేదు. తండ్రి పని పోయాక గంజిలో మూట ఎత్తుకున్నప్పుడు ఆయనకు పన్నెండేళ్లు.

మర్నాడు మొదటి రైలుకే తాండూరు దిగి పుట్టింటికి నడిచాను. నాయిన మంద దగ్గర ఉన్నాడు. అక్కడే నిలబడి అంతా చెప్పాను. ఆయనకు మొదట అర్థమే కాలేదు.

"నేనేడ దొంగతనం చేసిన? మ్యాతబీట్ల కుప్పవడి ఉన్నయి. మందిల ఎవలికి దొరికింది వాళ్లు ఏరుకుంటం, గది మా రివాజు. పడ్డయనుకున్న బిడ్డా. ఒకని నౌకరి అనుకోలే."

నిజమే. బీడులో దొరికిన ఉన్ని, కొమ్ము, తెగిన తాడు, అన్నీ దొరికినవాళ్లవే మా వాళ్లకు. పట్టా పక్క గడ్డి కూడా బీడే, అక్కడ పడి ఉన్నదీ దొరికినదే. రైలువాళ్ల హద్దులోకి వస్తే ఇంకో లెక్క ఉంటుందని మా నాయినకు ఎవరూ చెప్పలేదు. చెప్పిన నాటికి పదేళ్లు దాటిపోయింది. ఆయన కర్ర కింద పడేసి అలాగే గడ్డిలో కూర్చుండిపోయాడు. మా నాయిన ఏడవడం అదే మొదటిసారి చూశాను.

రెండురోజులకు మిగిలిన నాలుగు మొలలూ గొంగట్లో చుట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మామ కాళ్ల దగ్గర పెట్టాడు.

"బావా, నడువు ఠేషనుకు. నేనే తీసిన్నని పెద్దసారుకు చెప్త. జైల్ల ఏస్తే ఏస్తరు."

మామ వంగి ఆ నాలుగింటినీ ఒక్కొక్కటే తడిమి చూశాడు. తర్వాత నన్ను పిలిచి, "నాలుగోది దిగేసినవా?" అన్నాడు. లేదన్నాను. "దిగెయ్. పని సగంల ఇడువొద్దు. గివ్వి ఈడ ఉన్నయని గూడ చెప్త, కావాల్నంటే వచ్చి పీక్కపోతరు" అన్నాడు. ఉతికిన ధోవతి కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని, మా నాయిన భుజం పట్టుకుని బయలుదేరాడు. ఈసారి చుట్టూ తిరగలేదు, నడిబజారులోంచే వెళ్లారు. వాళ్లు తిరిగి వచ్చేలోగా అడ్డం వచ్చిన రాయిని పక్కకు తొలిచి నాలుగో మొలను దిగేశాను. ఏడుస్తూనే పని చేశాను, సున్నంలో కన్నీళ్లు కలిశాయి.

మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. మా నాయిన వసారా మెట్టు మీదే ఉండిపోయాడు, లోపలికి రాలేదు. ఏమైందని అడిగితే చెప్పాడు. అప్పటి అధికారి ఎక్కడున్నాడో, అసలున్నాడో లేడో ఎవరికీ తెలియదట. అప్పటి కాగితాలూ లేవట. బల్ల దగ్గర ఉన్న కుర్రగుమస్తా, "ఏ మొలలు తాతా?" అని నవ్వి, ఆ నాలుగింటినీ బయట పాతఇనుము కుప్ప మీద వేయమన్నాడట. ఇద్దరూ చెప్పింది పూర్తిగా కూడా వినలేదట. జైలుకు సిద్ధపడి వెళ్లిన మా నాయినకు కేక వేసేవాడు కూడా దొరకలేదు. పదేళ్లు ఒక మనిషి స్టేషను మొహం చూడకుండా బతికాడు. ఏ సంగతికి సిగ్గుపడి బతికాడో అది అక్కడ ఒక్కరికీ గుర్తు లేదు.

అయిదు రోజులు ఆగి, వేపనూనె పూసిన పలకను ఎత్తి మొలలకు దూర్చాను. బిగువుగా కూర్చుంది. నేను పైన మోచేతులు ఆనించి వేలాడినా కదల్లేదు. కింద కాలు లేదు, పక్కన కొయ్య లేదు. మిగిలిన రెండు చీరలూ మడతపెట్టి దాని మీద పెట్టాను.

మామ గోడ తడుముకుంటూ లోపలికి వచ్చాడు. బల్ల దొరికాక సుత్తె తీసి, ఒక్కో మొల ఉన్న చోట ఒక్కో దెబ్బ, నాలుగు దెబ్బలు వేశాడు.

"బిడ్డా."

"ఏంది మామా?"

"వాళ్లకు యాది లేదట. పోనీ. మందికి చెప్పిన, నవ్విన్రు. పోనీ. గీ ఇంట్ల దినాం నాకు బువ్వ వెట్టేదానివి నువ్వు." సుత్తె కిందికి దించాడు. "ఇప్పుడన్న నమ్మినవా?"

అవునని నోటితో అంటే చాలదనిపించింది. తల ఊపితే ఆ కళ్లకు కనబడదు. సుత్తె పట్టుకున్న ఆయన చేతిని పట్టి నా తల మీద పెట్టుకుని, అప్పుడు ఊపాను.