భారజలం సారు

ఏన్కూరు ఎబినేజర్ బొంబాయిలో పద్దెనిమిదేళ్లు అణుశాస్త్రవేత్తగా పనిచేశాడు. పనంతా భారజలం మీద. రియాక్టర్‌లో వాడే నీళ్లు అవి, తాగేవి కావు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడని ఉద్యోగం. నోరు కట్టేసుకుని బతకడం విసుగెత్తి, 2005లో ప్రభుత్వ ఇంధన శాఖ అధికారిగా సొంత జిల్లాకు వచ్చేశాడు. బంగారంలాంటి ఉద్యోగం వదిలి అడవులు పట్టుకు తిరుగుతున్నాడని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు.

మొదటి పని, టేకులపల్లి అవతల అడవిలో ఒక గూడేనికి సోలార్ దీపాలు పెట్టడం. గ్రామసభలో మీరెవరని అడిగితే, ఇన్నాళ్లకు నోరు విప్పే అవకాశం దొరికిందని పొంగిపోయి, “నేను భారజలం తయారుచేసేటోణ్ణి” అన్నాడు.

సభ గొల్లున నవ్వింది. ముందు వరుసలోని జంపక్క లేచింది.

“బరువు నీళ్లు చేసుడేంది సారూ? నీళ్లు బరువేనాయె! వాగు కాడికెళ్లి ఇంటిదాంక బిందె మోసి చూడు, తెలుస్తది. దీపాలు తర్వాత. ముందు మా తలకాయల మీది బరువు దింపుతవా?”

ఎబినేజర్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం నిజంగానే బిందె ఎత్తుకున్నాడు. సగం దారిలోనే మెడ పట్టేసింది.

గూడెంలో బోరు ఉంది. నీళ్లు మాత్రం చేతిపంపుకు అందనంత లోతున ఉన్నాయి. దీపాలకు బదులు ఆ బోరుకు సోలార్ మోటారు ఇవ్వమని పైకి రాశాడు. రెండు నెలలకు జవాబొచ్చింది: సరే, కానీ మోటారు పనిచేయకపోతే బాధ్యత ఆయనదే. గూడేనికి ఇక దీపాలూ ఉండవు.

ఏప్రిల్‌లో మోటారు దిగింది. మెకానిక్ రాకపోతే తానే వైర్లు కలిపాడు. స్విచ్ వేస్తే గుయ్యిమంది గానీ చుక్క రాలేదు. పది నిమిషాలైంది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆయన వంకే చూస్తున్నారు. “ప్రభువా” అనుకున్నాడు.

జంపక్క పెనిమిటి భద్రయ్య పైపుకు చెవి ఆనించాడు. “తిరుగుడైతే తిరుగుతాంది సారూ. ఉల్టా తిరుగుతాందేమో?”

అవ్, ఉల్టానే! అణువుల లోతు చూసిన మహానుభావుడు ప్లస్సు, మైనస్సు దగ్గర పప్పులో కాలేశాడు. వైర్లు మార్చాడు. పైపు దగ్గింది, ఎర్రటి బురద కక్కింది, ఆపైన తేటనీరు పోసింది.

“హమ్మయ్య!” అని పైకే అనేసి అక్కడే చతికిలబడ్డాడు. కళ్లు తడిసినా సిగ్గనిపించలేదు.

జంపక్క మొదటి బిందె ఇంటికి తీసుకుపోలేదు. ఎండాకాలమంతా రెండు చెంబులతో స్నానం సరిపెట్టుకునే ముసలి అత్తను బండ మీద కూర్చోబెట్టి, నిండు బిందె నెత్తిన కుమ్మరించింది. దండగని ఎవరూ అనలేదు. ముసలామె ముఖం తుడుచుకుని కోడలి వైపు చూసింది.

“ఇంకో బిందె పొయ్యవే పిల్లా.”