మనిషిని పంపొద్దన్న బేరం

కోకాపేటలో మా ఆఫీసు లిఫ్టుకు కొత్తగా నూనె పోసినట్టున్నారు. తలుపు తెరుచుకోగానే, మా పంపుల నూనె లాంటి ఆ వాసనకు యాదగిరి సార్ గుర్తొచ్చారు. ఆయన పేరెత్తితే ఇక్కడ ఎవరూ పలకరు. ఒక అమ్మకం మీద నేను పెట్టిన ఫిర్యాదులకూ ఇంతవరకు అదే మర్యాద. అందుకే ఆయన్ను చూడని మీకు చెప్పుకుంటున్నాను.

మా కంపెనీ విదేశాలకు వాక్యూమ్ పంపులు అమ్ముతుంది. మందుల ఫ్యాక్టరీలో పొడి ఆరబెట్టే పంపే చేతులు మారితే బాంబుకు కావలసిన యురేనియం తయారీకీ పనికొస్తుంది. కొనేవాళ్లెవరో, ఎందుకో ఆరా తీయడం మా విభాగం పని. సార్ అంతకుముందు అణు ఇంధనం నిల్వలను తనిఖీ చేసిన మనిషి. నేను చేరిన కొత్తలో ఒక ఆర్డరు చూసి, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయన్నాను. ఆయన నవ్వారు.

"దొంగ కాగితాలు ఇంకింత సక్కగ ఉంటయి తమ్మీ. పంపు బిగించనీకి మనిషిని పంపాల్నా అని అడుగు."

నిజంగా ఫ్యాక్టరీ ఉన్నవాళ్లు మెకానిక్ ఎప్పుడొస్తాడని ప్రాణం తీస్తారు. వద్దన్నవాళ్ల దగ్గరే సార్ ఆగేవారు. ఒకసారి పాలపొడి ఫ్యాక్టరీకని చెప్పిన గల్ఫ్ వ్యాపారి ఒకడు మనిషీ వద్దు, వారంటీ వద్దు, పంపు తొందరగా కావాలన్నాడు. సార్ ఆపారు. మీటింగులో సేల్స్ పెద్ద అన్నాడు: "మీకు పాలపొడి డబ్బాలో కూడా బాంబే కనిపిస్తుందండి."

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

"మన మెకానిక్‌ను ఒక్కసారి పోనియ్యుండ్రి. పాలపొడే అయితే అందరికీ చాయ్ నేనే పోస్త," అన్నారు సార్. పోనివ్వలేదు. పై అధికారి సంతకంతో పంపు వెళ్లిపోయింది. సార్ కుర్చీ ప్రింటరు పక్కకు మారింది.

తర్వాత మా మెకానిక్ వేరే పని మీద ఆ వ్యాపారి ఊరు వెళితే, పంపు చేరాల్సిన చిరునామా చూసి రమ్మని బతిమాలాను. అక్కడ పరుపుల దుకాణం ఉంది. పంపు సంగతి ఎవరికీ తెలియదు. అప్పటికి సార్ దవాఖానలో ఉన్నారు. మీరే గెలిచారు సార్ అన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నారు.

"గెలుసుడేందిరా? అది ఏడనో తిరుగుతున్నది. దొరికేదాంక అడుగు."

సంతాప సభలో ఆయన క్రమశిక్షణను పొగిడారు. నేను పంపు మాటెత్తితే, టీ చల్లారిపోతోందన్నారు.

ఇప్పటికీ ప్రతి కొనుగోలుదారునూ సార్ ప్రశ్నే అడుగుతాను. మా వాళ్లను మాత్రం ఒకటే అడుగుతున్నాను. ఆ బేరానికి సంతకం పెట్టినాయన రోజూ నాతోపాటే లిఫ్టు ఎక్కి, ఫోను చూసుకుంటూ నిలబడతాడు. తల ఎత్తండి సార్. మనం పంపిన ఆ పంపు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? చెప్పండి.