తెర దాటిన చుక్క

మా కాలేజీ పిల్లలు ఆమెని చుక్కల మేడమ్ అంటారు. జీవశాస్త్రం చదివే డిగ్రీ పిల్లలకి కంప్యూటర్లో పక్షుల గుంపుని ఎగరేయడం నేర్పుతుంది. ఒక్కో చుక్క ఒక్కో పక్షి. పక్కదాన్ని గుద్దుకోకు, మరీ దూరం పోకు, అందరూ తిరిగిన వైపే తిరుగు. ఈ మూడు సూత్రాలు రాస్తే చాలు, చుక్కలు గుంపు కడతాయి. నేను పక్కగదిలో మొక్కల పాఠం చెప్తాను. నా మొక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి, ఆ గోల లేదు.

ఆమె తమ్ముడు తండ్రితో మాటామాటా పెరిగి ఇల్లొదిలి ఏళ్లయింది. తర్వాత ఆ తండ్రీ చనిపోయారు. రేవు ఊళ్లో ఏదో ప్రెస్సులో అతన్ని చూశామని కిందటేడు ఎవరో చెప్పారు. వెళ్లి చూసి రావే అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

"నేనటు వెళ్లినప్పుడు వాడిటు వస్తే? తాళం చూసి వెళ్లిపోడూ?" అనేది. ఈ భయంతో ఊరు దాటి ఒక్క రాత్రి ఉండదు, పెళ్లిళ్లకీ పోదు. నాకు ఒళ్లు మండేది.

ఆమె పాఠంలో కుడి అంచు దాటిన చుక్క ఎడమ అంచులోంచి తిరిగొస్తుంది. తెర ఖాళీ కాకుండా అందరూ చేసే ఏర్పాటే అది. మొన్న సుద్దముక్క కోసం నేను వెళ్లేసరికి వెనకబెంచీ పిల్ల అడుగుతోంది.

"నిజం పక్షి అలా రాదు కదా మేడమ్?"

"అయితే ప్రోగ్రాంలో దాన్ని తిప్పి తెచ్చే లైను తీసేసి చూడు" అందామె.

తీసేసింది. ఒక చుక్క అంచు దాటింది, మళ్లీ రాలేదు. క్లాసంతా చూస్తూ కూర్చున్నాం.

"దాని చూపు అంతదూరం ఆనదు మేడమ్. గుంపు ఎటుందో దానికి తెలీదు. గుంపే అటు వెళ్లాలి" అంది ఆ పిల్ల.

"నిజమే" అని బోర్డు వైపు తిరిగింది.

సాయంత్రం స్టాఫ్ రూములో నా చెయ్యి పట్టుకుంది. "వాడి మొహం గుర్తుంది అక్కా, గొంతు గుర్తు రావట్లేదు. ఒక్కసారి వినాలనుంది. వెళ్తాను. కానీ ఇంట్లో ఎవరుంటారు?"

"నేను చచ్చానా?" అన్నాను.

తాళంచెవి ఇస్తూ ఒకటే చెప్పింది. "వాడు బెల్లు కొట్టడు. పెరటి తలుపు తోసుకుని వస్తాడు. గడియ పెట్టకు."

పొద్దున్న ఆమె బస్సెక్కింది. మా ఆయన్ని హోటల్ భోజనానికి వదిలేసి నేను ఆమె వంటింట్లో కూర్చున్నాను. అతనెవరో, ఎలా ఉంటాడో నాకు తెలీదు. అయినా గాలికి పెరటి తలుపు కదిలితే చాలు, లేచి నిలబడుతున్నాను.