గోడమీద నడిచే మాటలు

క్వాక్ మిర్యోంగ్‌తో మాట్లాడాలంటే ఒక్కటే షరతు, ఎదురుగా నిలబడి మాట్లాడాలి. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమె చెవులు పోయాయి. గున్‌సాన్ రేవులో చేపలు ఎండబెట్టే తల్లి, కూతురి వేళ్లు తన గొంతుకి ఆనించుకుని ఒక్కొక్క మాటే పలికించింది. మాట వచ్చింది గాని గొంతు వేరేగా వచ్చింది. బళ్లో పిల్లలు వెక్కిరించేవాళ్లు. దాంతో ఆమె పెదవులు చదవడం బాగా నేర్చుకుంది, నోరు విప్పడం తగ్గించుకుంది.

తేజోన్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబులో ఇప్పుడామె పీహెచ్‌డీ చేస్తోంది. చచ్చిపోయే మెదడు కణాలను ఏది బతికిస్తుందో ఏళ్ల తరబడి కూర్చుని తేల్చింది. ఆ సంగతి వియన్నాలో జరిగే సభలో చెప్పే అవకాశం వచ్చింది. గొంతు ఎలా ఉంటే అలా ఉండనీ, ఈ ఒక్కటీ తన నోటితోనే చెప్పాలని ఆమె పట్టుదల. రోజూ తల్లికి వీడియో కాల్ చేసి, ఆవిడ ముందే ప్రసంగం అప్పజెప్పేది.

ల్యాబులో ఆమెకు దిక్కు నమ్ సెబిన్. ఆమెకంటే జూనియర్. సోమవారం మీటింగుల్లో ఎదుటి కుర్చీలో కూర్చుని, ఎవరేమన్నారో పెదవులతో మళ్లీ చెప్పేది. మిర్యోంగ్ మాట తేలిగ్గా అర్థమయ్యేది కూడా సెబిన్ ఒక్కదానికే.

ఆ ఏడాది యూనివర్సిటీ పెద్దలకు అందరినీ కలుపుకుపోవాలనే బుద్ధి పుట్టింది. ఏ ల్యాబు ఎంత కలుపుకుపోతోందో చూసి మార్కులు వేస్తారట. ల్యాబు నడిపే ప్యో ప్రొఫెసర్ మంచివాడే, మార్కులనేసరికి మరీ మంచివాడు. మీటింగు గదిలో గోడకి పెద్ద తెర పెట్టించాడు. మైకులో మాట్లాడితే చాలు, మాటలు అక్షరాలై దానిమీద నడుస్తాయి. మిర్యోంగ్ ఫోనులోకీ వస్తాయి.

"ఇంక నీకే లోటూ లేదు మిర్యోంగ్," అన్నాడాయన, తెరవైపు చూస్తూ.

అందరూ తెరవైపే చూశారు. ఆ రోజు నుంచి ఆమెవైపు తిరిగి మాట్లాడినవాళ్లు లేరు. సెబిన్ కూడా ఎదుటి కుర్చీ వదిలేసి, తెర బాగా కనిపించే చోటికి మారిపోయింది.

ఒక సోమవారం మీటింగు అయ్యాక మిర్యోంగ్ కణాలకు ఆహారం పెట్టడానికి పక్క గదిలోకి వెళ్లింది. మిగతావాళ్లు అక్కడే కింబాప్ అన్నం చుట్టల పొట్లాలు విప్పారు. తెర ఆపారు గాని మైకు ఆపడం మరిచిపోయారు. ఆమె ఎదురుగా నిలబెట్టుకున్న ఫోనులో అక్షరాలు నడవసాగాయి. మొదటి మాట ప్రొఫెసర్‌ది.

"వియన్నాకి మిర్యోంగ్‌ని పంపితే, ప్రశ్నలడిగేటప్పుడు ఎలా?"

"అదే సార్. అంతమందిలో తడబడితే పాపం అక్కకే బాధ."

"నువ్వెళ్లి చెప్పేసిరా సెబిన్. పని ఆమెదేనని చివర్లో ఒక మాట అను."

"సరే సార్. అక్కకి మీరేం చెప్పకండి. నేను మెల్లగా చెప్తాను."

"ఆ ముల్లంగి ఇలా ఇవ్వు."

మిర్యోంగ్ మిగిలిన కణాల గిన్నెలన్నిటికీ ఆహారం పెట్టింది. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఏడుపూ రాలేదు. వాళ్లందరూ తన మేలు కోరే ఆ మాటన్నారని తెలుసు, అందుకే ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది.

సెబిన్ చెప్తుందని ఎదురుచూసింది. సెబిన్ కాఫీలు తెచ్చిచ్చింది, నవ్వింది, ఆ మాట మాత్రం చెప్పలేదు.

"ఏమే, ఈమధ్య అప్పజెప్పడం మానేశావు?" అంది తల్లి ఫోనులో.

"గొంతు బాగాలేదమ్మా," అంది మిర్యోంగ్.

మార్కులు వేసేవాళ్లు వచ్చారు. వాళ్ల పెద్దావిడ తెరను చూసి ముచ్చటపడిపోయింది. మిర్యోంగ్‌ని మధ్యలో నిలబెట్టి, తాను తెరకేసి చూస్తూ మైకులో అడిగింది.

"ఇది పెట్టాక మీకు అన్నీ తెలుస్తున్నాయా అమ్మాయ్?"

మిర్యోంగ్ మైకు అందుకుంది. ఆ గదిలో ఆమె గొంతు విప్పడం అదే మొదలు.

"అన్నీ తెలుస్తున్నాయండీ. వీళ్లు మైకు ఆపడం మరిచిపోయి, నన్ను వియన్నాకి పంపొద్దనుకున్నది కూడా."

అందరూ ఆమె మాట కోసం తెరవైపు చూశారు. తెరమీద ఏమీ పడలేదు. ఆ యంత్రానికి అలాంటి గొంతు ఎవరూ నేర్పలేదు.

"ఏమంటోంది?" అని పెద్దావిడ చుట్టూ చూసింది. ప్రొఫెసర్ సెబిన్‌కేసి చూశాడు.

సెబిన్ ముఖం పాలిపోయింది. ఆమెకు ప్రతి మాటా అర్థమైంది. మిర్యోంగ్ చేతిలోంచి మైకు తీసుకుని, తెరవైపు తిరిగి నిలబడింది.

"అన్నీ తెలుస్తున్నాయండీ, అంటోంది," అంది.

ఆ మాట తెరమీద ఒక్క అక్షరం పొల్లుపోకుండా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. మిర్యోంగ్ దాన్ని చివరిదాకా చదివి, అందరికీ తల వంచి నమస్కరించి, కణాలకు ఆహారం పెట్టే వేళయిందని వెళ్లిపోయింది.