గడ్డిలో ఏడో మిడత

ఆగస్టు పద్నాలుగు, గురువారం. మబ్బు. ఉన్నవారు: నేను, మా ఆవిడ, మా ఇంటి వెనక ఉండే పాలావిడ, ఆవిడ నిండు చూడి గేదె.

గేదెను కూడా డైరీలో ఈ వరసలోనే రాశాను. ఆ రోజు భయమంతా దాని గురించే.

డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక నాకు పట్టుకున్న వ్యసనం దొంగ మిడతలు కట్టడం. ఆకుపచ్చ ఫోమ్ షీటును సన్నగా కత్తిరించి, గాలం ముల్లు మీద మడిచి, కుట్టుమిషను దారంతో బిగిస్తాను. రబ్బరు పోగులకు మధ్యలో ముడి వేస్తే మడిచిన కాళ్లవుతాయి. నీళ్ల మీద తేలే ఆ మిడతను నిజమైనదనుకుని కాలవలో కొర్రమేను ఎగిరి పట్టుకోవాలి. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పరీక్ష మాత్రం నా సొంతం. మా కొబ్బరితోటలో కోసిన పచ్చగడ్డిని అరుగు మీద పరిచి, మిడతల్ని అందులో దూర్చి, పది అడుగులు వెనక్కి వెళ్లి చూస్తాను. కంటికి చటుక్కున ఆనినదాన్ని విప్పేస్తాను.

ఆ మధ్యాహ్నం ఏడు పెట్టాను. ఆరు దొరికాయి, తీసేసుకున్నాను. ఏడోది దగ్గరికి వెళ్లినా కనపడలేదు. నిజం చెప్పాలంటే గర్వపడ్డాను. ఇంతలో జల్లు కొట్టింది. పెరట్లో బట్టలు తియ్యమని మా ఆవిడ కేకేసింది. బట్టలు లోపల వేసి వచ్చేసరికి అరుగు మీద గడ్డి లేదు. రోజూ నాలుగింటికి ఆ గడ్డి పట్టుకెళ్లేది పాలావిడే. ఎప్పటిలాగే పట్టుకెళ్లింది.

అరుగంతా తడిమాను. మెట్ల కింద చూశాను. మా ఆవిడ చీపురుతో మూలలన్నీ ఊడ్చింది.

"అంత బాగా కట్టేరా అండీ? కట్టిన మీకే కనపడనంత బాగా?" అంది. తర్వాత నా మొహం చూసి చీపురు పక్కన పెట్టేసింది. "ముందు వెళ్లి చెప్పండి. నేనూ వస్తాను."

మా రెండు పెరళ్ల మధ్య ఉన్నది నలభై అడుగులు. ఇద్దరం గబగబా నడిచాం. గేదె గడ్డిని నమిలి మింగదు. ముందు మింగేస్తుంది, తీరిగ్గా నెమరు వేస్తుంది. ముల్లు ఆ పాటికే లోపలికి వెళ్లిపోయి ఉండవచ్చు.

పాకలో గేదె తింటోంది. మోపులో సగం అయిపోయింది.

"గడ్డి లాగెయ్యమ్మా, ముందు లాగెయ్! అందులో నా మిడత ఒకటి ఉండిపోయింది" అన్నాను.

పాలావిడ నవ్వింది. "మిడతలకేం కరువండీ మాస్టారూ! రోజుకి ఎన్ని తింటదో ఇది. మీదొకటి ఎక్కువైతే అరగదేంటండీ?"

"అది మిడత కాదమ్మా. నేను కట్టింది. లోపల గాలం ముల్లుంది."

నవ్వు ఆగిపోయింది. ఒక్క ఊపున గడ్డి లాగేసింది. ముగ్గురం నేల మీద కూర్చుని పరకపరకా విడదీశాం. నిజం మిడతలు టపటపా ఎగిరాయి. ఎగిరిన ప్రతిదాని మీదా నా చెయ్యి పడింది. నాది ఎగరదని తెలిసి కూడా ఆపుకోలేకపోయాను. గడ్డి అయిపోయింది. ముల్లు దొరకలేదు.

పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను. పొద్దున్నే వస్తానన్నారు. "మేత మానేసినా, నెమరు ఆపేసినా వెంటనే చెప్పండి. ఇనుము గుండె వైపు జరిగిందంటే కష్టమండి" అన్నారు. ఆ మాట పాలావిడకు చెప్పకుండా ఉండలేను. చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గేదె పొట్ట మీద చెయ్యి వేసి, "ఇది ఈనితేనేనండీ మా పొయ్యి వెలిగేది. ఇంకో పది రోజులు" అంది. అంతే. తిట్టి ఉంటే కొంచెం ఊపిరి ఆడేది.

సాయంకాలం ప్రార్థనలో మా ఆవిడ గేదె కోసం కూడా ప్రార్థించింది. "ఆమెన్" అని నేనూ అన్నాను. గేదె కడుపులో దూడ కూడా ఉందని అప్పుడే గట్టిగా గుర్తొచ్చింది. రాత్రి ఇద్దరం నిద్రపోలేదు.

మర్నాడు ఆరున్నరకు డాక్టరుగారు వచ్చారు. గేదె వీపు మీద గట్టిగా నొక్కి చూశారు. ముల్లు లోపల గుచ్చుకుని ఉంటే మూలుగుతుందట. అది మూలగలేదు. వేలెడంత అయస్కాంతాన్ని గొట్టంతో గొంతులోకి దింపారు.

"ముల్లు లోపలుంటే దీనికి అంటుకుంటుందండి. ఉందో లేదో మాత్రం నేను చెప్పలేను. ఈనేదాకా కనిపెట్టుకుని ఉండాలి" అన్నారు.

పాలావిడ కుడితి గోలెం ముందుకు జరిపింది. గేదె వాసన చూసి తల తిప్పేసుకుంది. నేను గుంజ పట్టుకున్నాను. ఆవిడ తవుడు ఇంకో గుప్పెడు చల్లి, చేత్తో కలిపి, "తాగవే తల్లీ" అంది. ఎంతసేపయిందో, నేను గడియారం చూసుకోలేదు. గేదె మూతి ముంచింది. గోలెం అడుగు కనిపించేదాకా తాగింది.

నేను తెచ్చిన కొత్త గడ్డి మోపు పాక బయటే ఉంది. ఆవిడ దాన్ని తీసి నా చేతికే ఇచ్చింది.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. ఇకనుంచి గడ్డి నేనే కోసుకుంటానండీ."

"ఆయ్" అన్నాను. మోపు నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.